ఎత్తుకోవద్దన్న రోజులు

పిల్లల వార్డులో చాలాకాలం పనిచేసినవాళ్లకు ఒక అలవాటు అంటుకుంటుంది. బజారులో ఎదురొచ్చే పిల్లల ముఖాలు చూడం, నడక చూస్తాం. కుంటుతున్నారా, మడమ ఆనిస్తున్నారా, తల్లి చెయ్యి పట్టుకుని వేలాడుతున్నారా అని. ఉద్యోగం వదిలి ఇంట్లో కూర్చున్నా నాకు ఆ అలవాటు పోలేదు. కొత్తగా నర్సులుగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "మీ సర్వీసుల యాదికుండే కేసేదక్కా?" అని అడుగుతుంటారు. పాము కాటు తగిలి బతికిన పిల్లవాడి కథో, జీపులో జరిగిన కాన్పు కథో చెప్పి నవ్వించి పంపిస్తుంటాను. అవి చెప్పడం తేలిక. ఇది తేలిక కాదు, అందుకే రాస్తున్నాను.

మాది పెద్దపల్లి దగ్గర ఒక పల్లె. మా బాపు వారమంతా కూలికి పోయేవాడు, ఆదివారం మెథడిస్టు చర్చిలో గంట కొట్టేవాడు. నేను నర్సింగ్ చదివి ఒక ట్రస్టు దవాఖానలో చేరాను. మొదట ఉట్నూర్‌లో వాళ్ల చిన్న క్లినిక్కు, తర్వాత కరీంనగర్‌లో వాళ్ల దవాఖాన. పిల్లల వార్డు చిన్నదే. ఒక పెద్ద డాక్టరుగారు, ఆయన కింద ఒక యువ డాక్టరమ్మ, ఒక ఆయమ్మ, నేను, డ్యూటీలు మారే ఇంకొందరు నర్సులు.

పెద్ద డాక్టరుగారి గురించి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది విని ఆయన్ని తక్కువ చేసి చూస్తారు. స్టెతస్కోపు చల్లగా తగులుతుందని అరచేతిలో రుద్ది వేడిచేసి గాని పిల్లల గుండె మీద పెట్టేవారు కాదు. కుర్చీలో కూర్చుని చూడ్డం ఆయనకు చేతకాదు. నేల మీద చతికిలబడి పిల్లతో మాట్లాడుతూ మాట్లాడుతూనే కడుపు నొక్కి చూసేసేవారు. టేబుల్ సొరుగులో ఎప్పుడూ పల్లిపట్టీలు ఉండేవి. మా దవాఖానలో పిల్లలు సూదికి ఏడ్చేవాళ్లు గాని ఆయన్ని చూసి ఏడ్చేవాళ్లు కాదు. తాతా అని పిలిచేవాళ్లు.

ఆ వానాకాలం ఒకామె వచ్చింది. భుజాన నెలల పిల్లవాడు, చంకలో నాలుగేళ్ల ఆడపిల్ల. ముస్లిం కుటుంబం. భర్త కరీంనగర్‌లో పరుపులు కుట్టే దుకాణం నడుపుతాడు, ఆమె ఇంట్లో బీడీలు చేస్తుంది. పుట్టిల్లు ఉట్నూర్. రెండో కాన్పుకని అక్కడికి పోయి, బాబును ఎత్తుకుని తిరిగొచ్చింది. పాపకు కాళ్లనొప్పులు అక్కడే మొదలయ్యాయట.

"పొద్దంత మంచిగనే ఉంటది సార్," అంది. "రాత్రయితే 'పావ్ దుఖ్రా అమ్మీ' అని ఒకటే ఏడుపు. ఒకనాడు కుడికాలంటది, ఒకనాడు ఎడమకాలంటది. ఏడ నొస్తుందే అంటే జాగ చూపియ్యదు."

డాక్టరుగారు నేల మీద కూర్చుని పాప కాళ్లు మోకాళ్ల దాకా మెల్లగా నొక్కుతూ పోయారు. వాపు లేదు, జ్వరం లేదు. పాప చక్కిలిగింతలు పుట్టి నవ్వింది. పల్లిపట్టీ తీసుకుని సగం విరిచి తమ్ముడి చేతిలో పెట్టబోయింది, పళ్లు రాని వాడికి.

"పెరిగే పిల్లలకు ఇట్ల నొప్పులొస్తయమ్మా. గాబరా పడకు. పండుకునే ముందు నూనె రాసి పిసుకు," అన్నారు. క్యాల్షియం సిరప్ రాశారు. అలాంటి పిల్లలు మాకు వారానికి ఒకరైనా వచ్చేవాళ్లు. అందరికీ అదే చెప్పేవాళ్లం, అందరికీ తగ్గేది.

ఈ పాపకు తగ్గలేదు. మళ్లీ వచ్చారు. ఎక్స్‌రే తీయించారు, ఎముకల్లో ఏమీ లేదు. రక్తం పరీక్షలో రక్తం కాస్త తక్కువ ఉందని వచ్చింది. మా దగ్గరికొచ్చే పిల్లల్లో రక్తం తక్కువ లేనివాళ్లెవరు? టానిక్ రాశారు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఉట్నూర్‌లో ఉన్నప్పుడు రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు పిల్లల్ని చూశాను. ఆ నొప్పి వచ్చినప్పుడు చేతులూ కాళ్లూ పట్టుకుని మెలికలు తిరిగిపోతారు. అది ఎక్కువగా గూడేల పిల్లల్లో ఉండే జబ్బే అయినా, తల్లి ఆ వైపు మనిషే కదా అని డాక్టరుగారితో అన్నాను. ఆయన వెంటనే ఆ పరీక్ష చేయించారు. లేదని వచ్చింది. అందరం ఎంత సంతోషపడ్డామో! ఒక జబ్బు లేదని తేలితే, ఏ జబ్బూ లేదని తేలినట్టే సంబరపడతాం. మన వృత్తిలో ఇదొక జబ్బు.

మూడోసారో నాలుగోసారో వచ్చినప్పుడు డాక్టరుగారు ఒక విషయం గమనించారు. తల్లి బాబుకు పాలివ్వడానికి కూర్చోగానే పాప కాళ్లు నొప్పి అని మొదలుపెట్టింది. బాబును ఆయమ్మ చేతికిచ్చి పాపను ఒళ్లోకి తీసుకోగానే ఏడుపు ఆగిపోయింది. అది మేమంతా చూశాం. ఆయమ్మ అయితే, "అగో, సూసిండ్రా! కుళ్లు. తమ్మునిమీద కుళ్లు," అని నవ్వింది కూడా.

డాక్టరుగారు నవ్వలేదు. తల్లిని కూర్చోబెట్టి నిదానంగా చెప్పారు. "నీ బిడ్డ అబద్ధం ఆడుతలేదమ్మా. అమ్మ ఒడి తమ్మునికి పోయిందని దానికి దుఃఖం. ఆ దుఃఖమే కాళ్లల్లకు దిగింది. నొప్పి అన్నప్పుడల్లా ఎత్తుకుంటే అది అట్లనే అలవాటైతది. ఎత్తుకోకు. నడిపియ్యి. నడిచినప్పుడు మెచ్చుకో, అప్పుడు దగ్గరికి తీసుకో."

పుస్తకాల్లో ఉన్న మాటే చెప్పారు, తప్పు మాట కాదు. అలాంటి పిల్లలు నిజంగానే ఉంటారు. ఆమె వరండాలోకి వచ్చి నా దగ్గర ఆగింది.

"అంటే నకరాలు చేస్తుందా సిస్టరమ్మా?"

"నకరాలనకు చెల్లే, అలవాటు అనుకో. జర గట్టిగుండు, అదే పోతది," అన్నాను.

ఆ తర్వాత ఇంట్లో ఏం జరిగిందో మాకు చాలాకాలానికి గాని తెలియలేదు. ఆమె బీడీలు చేస్తూ కూర్చున్నప్పుడు పాప పక్కన పడుకుని రెండు కాళ్లూ తల్లి తొడమీద వేసుకునేదట. డాక్టరు చెప్పిన రోజు నుంచి ఆమె ఒడిలో ఆకుల చాట పెట్టుకుని, కాళ్లు వేయనిచ్చేది కాదు. పాప చాట అంచు పట్టుకుని ఏడ్చేది. తండ్రి చూడలేక, "డాక్టర్ చెప్పిండని పిల్లను సతాయిస్తవా?" అని తగువాడేవాడు. ఆమె చాట తీయకపోతే, పాపను భుజాన వేసుకుని దుకాణానికి పోయి, ఏకిన దూది కుప్ప మీద పడుకోబెట్టేవాడు. దూదిలో కాళ్లు పూడ్చుకుని నిద్రపోయేదట. ఎవరో చెబితే కట్టు కట్టేవాడి దగ్గరికి తీసుకుపోయారు. అతను ఆకు పసరు, గుడ్డు సొన రాసి రెండు కాళ్లకూ బద్దలు కట్టాడు. దర్గాకు పోయి తాయెత్తు కట్టించారు. ఏది చేసినా తల్లి మాత్రం డాక్టరు మాట తప్పలేదు. ఎత్తుకోలేదు.

కొన్ని వారాల తర్వాత ఆమె పాప లేకుండా వచ్చింది, బాబుకు టీకా వేయించడానికి. ముఖం వెలిగిపోతోంది.

"జర తగ్గింది సార్. ఇప్పుడు ఏడుస్తలేదు. నొప్పి అంటలేదు. నడుస్తుంది."

డాక్టరుగారు సంతోషంతో నా వైపు చూశారు. ఆ రోజు ఆయన వార్డులో అందరికీ టీ తెప్పించారు.

దసరా సెలవులు అయిపోయాక, చలి మొదలయ్యే రోజుల్లో, పాపకు జ్వరమని తీసుకొచ్చారు. డాక్టరుగారు రౌండ్‌లో ఉన్నారు. వార్డు చివరి మంచం దగ్గర నిలబడి, గుమ్మంలో తల్లి చేయి పట్టుకుని నిల్చున్న పాపను చూసి, "ఓహో, వచ్చినవా? ఏదీ, నడిచి రా నా దగ్గరికి," అన్నారు. జేబులోంచి పల్లిపట్టీ తీసి చూపించారు.

తల్లి చేయి వదిలేసింది. "పో, తాతకు నడిచి చూపియ్యి."

పాప నడిచింది. కుంటలేదు. ఒక మంచం చువ్వ పట్టుకుని, వదిలి, ఇంకో మంచం చువ్వ అందుకుంటూ వచ్చింది. రెండో చేత్తో గౌను పిడికిట్లో బిగించి పట్టుకుంది. పెదవులు ముడుచుకుని ఉన్నాయి. ఆ చలిలో ముక్కు కింద చెమట. నోట్లోంచి చిన్న శబ్దం కూడా రాలేదు. మంచాల మీది తల్లులు చూస్తున్నారు. ఆ వార్డు అంత పొడవని నాకు ఆ రోజే తెలిసింది.

డాక్టరుగారి దాకా వచ్చి ఆగింది. ఆయన పల్లిపట్టీ అందించారు. తీసుకోలేదు.

"నడిచిన గద తాతా," అంది. "ఇగ ఎత్తుకోమని చెప్పు అమ్మీకి."

డాక్టరుగారు అక్కడికక్కడే నేల మీద కూర్చున్నారు. పాప కంటి రెప్ప కిందికి లాగి చూశారు. తెల్లగా ఉంది. గౌను మోకాళ్ల పైకి జరిపారు. కాళ్ల మీద చిన్న చిన్న నీలం మచ్చలు. పడుకోబెట్టి కడుపు నొక్కి చూస్తున్నప్పుడు ఆయన చెయ్యి ఎడమవైపు డొక్క కింద ఆగిపోయింది. పాపను తనే ఎత్తుకుని ల్యాబ్ వైపు నడిచారు. ఆయన భుజం మీద తల పెట్టి పాప కళ్లు మూసుకుంది.

రక్తం గాజుపలక మీద పరిచి యువ డాక్టరమ్మా ఆయనా ఒకరి తర్వాత ఒకరు సూక్ష్మదర్శినిలో చూశారు. డాక్టరమ్మ బయటికొచ్చి హైదరాబాద్ క్యాన్సర్ దవాఖానకు ఫోన్ చేసింది. పెద్దాయన కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ నిలబడిపోయారు. ఇంకొకరు వచ్చి అడిగేదాకా పక్కకు జరగలేదు.

తండ్రికి కబురు పంపాం. దుకాణం నుంచి అట్లాగే వచ్చాడు, తల నిండా దూది పోగులతో. రక్తంలో క్యాన్సర్ అని, ఎముకల లోపలి మూలుగలో పుడుతుందని, అందుకే కాళ్ల నొప్పులని డాక్టరుగారు చెప్పారు. అతను చేతులు జోడించాడు.

"బతుకుతదా సార్?"

"బతికే పిల్లలు చానామంది ఉన్నరు. ఇయ్యాల్నే బయలుదేరుండ్రి."

తల్లి పాపను చంకనెత్తుకుని నిలబడి ఉంది. దించమని ఎవరు చెప్పినా దించేటట్టు లేదు. ఆమెకేదో చెప్పాలని డాక్టరుగారు నోరు తెరిచారు. ఈలోగా అంబులెన్సు వచ్చిందన్నారు, చెప్పకుండానే పంపేశారు.

హైదరాబాద్ నుంచి తండ్రి నాకు ఫోన్ చేశాడు. మందులు మొదలుపెట్టిన కొద్దిరోజులకే. గొంతులో పట్టరాని సంతోషం. "సిస్టరమ్మా! ఉరుకుతుంది! వార్డంత ఉరుకుతుంది, పట్టుకుంటె దొరుకుతలేదు!"

పరుగెత్తుకుంటూ పోయి డాక్టరుగారికి చెప్పాను. ఆయన కూడా సంతోషపడతారనుకున్నాను. కుర్చీలో వెనక్కి వాలి, "అంటే ఎంత నొప్పి ఉండెనో," అన్నారు, అంతే. ఆ మధ్యాహ్నం ఓపీ డాక్టరమ్మ ఒక్కతే చూసింది.

ఆ తర్వాత ఆయన మునుపటి మనిషి కాలేదు. జలుబుతో వచ్చిన పిల్లకు కూడా రక్తం పరీక్ష రాసేవారు. మోకాలు గీరుకుపోయిన పిల్లవాడిని బోర్లా వెల్లకిలా తిప్పి గంటసేపు చూసేవారు. ఓపీ వరుస గేటు దాకా పోయేది. ఆయమ్మ నాతో, "సారుకు ఏమైంది సిస్టరమ్మా? పిల్లలకన్న ఈయనకే దవా కావాలె," అనేది. డాక్టరమ్మ ఒకసారి మర్యాదగానే వాదించింది. ఇలాంటి జబ్బులో కొన్ని వారాల ఆలస్యం వల్ల బతికే అవకాశాలేం మారవని, చదివిందేదో వివరించింది. ఆయన అంతా విని తలూపారు. పరీక్షలు రాయడం మాత్రం ఆపలేదు. మరుసటి ఏడాది తనే ఉద్యోగం మానుకున్నారు.

పాప చికిత్స రెండేళ్లకు పైగా సాగింది. మధ్యలో కరీంనగర్ వచ్చినప్పుడు మా దగ్గరికి తీసుకొచ్చేవాళ్లు. ఒకసారి బుగ్గలు ఉబ్బి, జుట్టు లేకుండా. ఇంకోసారి చిన్న చిన్న వెంట్రుకలు మొలిచి. బడిలో చేరింది. తల్లి అప్పుడు కూడా ఎత్తుకునే వచ్చేది. "దించు అమ్మీ, నేను నడుస్త," అని పాప తన్నుకులాడుతున్నా గేటు దాటేదాకా దించేది కాదు.

నా చివరి పోస్టింగు వార్డులో కాదు. నయంకాని జబ్బులతో ఇంట్లో ఉన్నవాళ్ల దగ్గరికి పోయి నొప్పికి మందిచ్చే జట్టు ఒకటి మా దవాఖాన పెట్టింది, అందులో వేశారు. ఒకరోజు పోవలసిన ఇంటి చిరునామా చూస్తే, పరుపుల దుకాణం వెనక సందు. జబ్బు తిరగబెట్టింది. హైదరాబాద్‌లో చేయగలిగిందంతా చేసి, ఇక ఇంటి దగ్గరే ఉంచుకోమన్నారు.

ఏడేళ్ల పిల్ల. తండ్రి ఆమె కోసం బూరుగు దూదితో పరుపు కుట్టాడు. కాళ్లు ఒరుసుకోకుండా రెండు కాళ్లకూ రెండు గుంటలు వదిలి, చుట్టూ మెత్త ఎత్తు చేశాడు. అంత మంచి పనితనం నేనెక్కడా చూడలేదు. దాన్ని చూడగానే నాకు చూపు తిప్పుకోవాలనిపించింది.

ఆ ఇంట్లో నా పని తేలికే. నొప్పి ఎంతుందో తెలుసుకుని, దాన్నిబట్టి మందు పెంచాలి. కాని పాప చెప్పేది కాదు.

"నొస్తుందా బిడ్డా?"

"లే."

"జర కూడా?"

"లే సిస్టరమ్మా. మంచిగనే ఉన్న."

పెదవులు ముడుచుకుని, దుప్పటి అంచు పిడికిట్లో పట్టుకుని చెప్పేది. నొప్పి ఎంతుందో వేలు పెట్టి చెప్పమని పిల్లలకు చూపించే బొమ్మముఖాల కాగితం ముందు పెడితే, నవ్వే ముఖం మీదే వేలు పెట్టేది.

తల్లి నన్ను పక్కకు పిలిచింది. "అది చెప్పదు సిస్టరమ్మా. నొప్పి అంటే ఎవలు ఎత్తుకోరని దానికి ఎరుకే గద. చెప్పొద్దని మనమే నేర్పినం."

ఆ రోజు నుంచి పాపను అడగడం మానేశాను. తల్లిని అడిగేదాన్ని. ఆమె పక్కన కూర్చుని ఊపిరి చూసేది, పిడికిలి చూసేది, "ఇప్పుడున్నది," అనేది. ఆమె ఉంది అన్నప్పుడల్లా మందిచ్చాను. ఒక్కసారి కూడా ఆమె మాటను అనుమానించలేదు. బీడీల పని మానేసింది. పగలంతా కూతురి కాళ్లు తన ఒళ్లోనే. తమ్ముడు వచ్చి అక్క పక్కన దూరి పడుకుని తన బొమ్మ ఆటో ఆమె కడుపు మీద నడిపేవాడు. పాప వాడిని ఏమీ అనేది కాదు. ఆటో పడిపోతే తీసి మళ్లీ వాడి చేతిలో పెట్టేది.

ఎండలు ముదరకముందే పోయింది. నొప్పి లేకుండా పోయిందని తల్లి చెప్పింది. ఆమె చెప్పింది కాబట్టి నమ్ముతాను.

కొన్నాళ్లకు పెద్ద డాక్టరుగారు నాకు ఫోన్ చేశారు. "నన్ను ఆ ఇంటికి తీసుకపోతవా?" అని అడిగారు. వద్దన్నాను మొదట. వాళ్లకు మళ్లీ ఎందుకా బాధ అని. ఆయన వినలేదు. తన పాత స్కూటరు మీద వచ్చారు, నేను ఆటోలో పోయాను.

తల్లి తలుపు తీసి, చీర కొంగు తలమీదికి లాక్కుని, కూర్చోమని చాప పరిచింది. ఆయన ఎప్పటిలాగే నేల మీద కూర్చున్నారు. తండ్రి గోడకానుకుని నిలబడ్డాడు.

"అమ్మా, నేను అప్పుడు కనిపెట్టలేకపోయిన," అన్నారు ఆయన.

ఆమె తల అడ్డంగా ఊపింది. "చిన్న డాక్టరమ్మ చెప్పింది సార్. నెల ముందు దొరికినా గింతేనట. గా బీమారి అసొంటిదట. గది నేను అడుగుతలేను." ఆయనకెదురుగా కూర్చుంది. "గప్పుడు నకరాలు కాదు గద సార్? గా దినాలల్ల నేను నడిపిచ్చిన. గా నడిచినంత సేపు దానికి నొస్తుండెనా? గది చెప్పుండ్రి. నాకు ఇంకెవలు చెప్పరు."

నేను డాక్టరుగారి ముఖం చూశాను. అబద్ధం చెబితే బాగుండునని అనుకున్నాను. పిల్లలకు గుర్తుండదనో, అంత నొప్పి కాదనో ఏదో ఒకటి. మన వృత్తిలో అలాంటి మాటలు ఎన్ని ఉండవు?

"నొచ్చిందమ్మా," అన్నారాయన. "ప్రతి అడుగుకు నొచ్చింది. నడువుమన్నది నేను. నువ్వు కాదు."

ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అన్ని రోజులు ఆ ఇంటికి పోయినా, ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే. తండ్రి పోయి పక్కన కూర్చున్నాడు. డాక్టరుగారు కదలలేదు, ఓదార్చలేదు. ఏడుపు తగ్గాక ఆమె లేచి, లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి ఆయనకు ఇచ్చింది. ఆయన తాగారు.

బయటికొచ్చాక స్కూటరు స్టార్టు కాలేదు. ఆయన కొట్టినప్పుడల్లా కాలు కిక్ రాడ్ మీంచి జారిపోతోంది. తండ్రి ఇంట్లోంచి వచ్చి, "జరుగుండ్రి సార్," అని తనే కొట్టాడు. ఇంజను అందుకున్నాక హ్యాండిల్ ఆయన చేతికిచ్చి, సందు మలుపు దాకా వెనకాలే నడిచాడు.